పేరు పడని గిన్నెలు

మల్లవరం ఎస్టేటు జమీందారు శ్రీ రాజా వెంకట జగ్గారాయ బహద్దరు వారు మా ముత్తాతగారు. ఆయన పల్లకీ దిగి కోర్టు లోపలికి వచ్చేదాకా మునసబుగారు కేసు పిలిచేవారు కాదని మా వైపు పెద్దలు చెబుతారు. వారి కుమారులు శ్రీ రాజా వెంకట రామచంద్ర రాయ బహద్దరు వారు మా తాతగారు. చట్టం వచ్చి ఎస్టేటును తీసుకుపోయింది గాని, బిరుదును కూడా తీసుకుపొమ్మని ఆ చట్టంలో ఎక్కడా రాసి లేదని ఆయన చివరిదాకా వాదించారు. వారి కుమారులు, అంటే మా నాన్నగారు, ఖతర్‌లో రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు. ప్రెషర్ గేజీలు నిజం చెబుతున్నాయో అబద్ధం చెబుతున్నాయో చూడడం ఆయన ఉద్యోగం. నేను వారి ఏకైక కుమారుణ్ణి. మా వంశంలో వీపు ఆనించి కూర్చున్నవాళ్ళు లేరు. నేనూ ఇంతవరకు ఆనించలేదు, విమానంలో కూడా.

ఈ మధ్య మా ఆవిడ గదిలోకి ఒక దీపం కావాలంటే దోహాలో ఒక పెద్ద మాల్‌కి వెళ్ళాం. అందులో ఫిన్లాండ్ దేశపు ఇంటి సామాన్ల దుకాణం ఒకటి కొత్తగా వచ్చింది. అక్కడ అద్దాల బీరువాలో, నెత్తిన చిన్న దీపం వెలుగుతుండగా, ఒక గిన్నె కూర్చుని ఉంది. బయట ముదురు నీలం, లోపల తెలుపు, అంచు మీద ఒక్క గీత కూడా లేదు. ఇనుప రేకు మీద గాజు పూత కాల్చి చేసిన గిన్నె అది. నేను ఆగిపోవడం చూసి దుకాణంలోని అమ్మాయి వచ్చి, ఆ గిన్నెలోని నిరాడంబరతను గురించి చాలాసేపు చెప్పింది. నేను నిటారుగా నిలబడి అంతా విన్నాను. విని, దాని మీద పేరు చెక్కించే ప్రయత్నం మాత్రం ఎవరినీ చెయ్యనివ్వవద్దని చెప్పాను. గిన్నె మీద పేరు ఎవరు చెక్కిస్తారని ఆ అమ్మాయి అడిగింది. మా తాతగారి పేరు బిరుదులతో సహా చెప్పాను. ఆయన డిజైనరా అని అడిగింది. ఈ విషయంలో ఆయనకు గట్టి అభిప్రాయాలు ఉండేవని చెప్పి బయటికి వచ్చేశాను. దీపం కొనడం మరిచిపోయామని మా ఆవిడ కారెక్కాక గుర్తుచేసింది.

నాకు మీసం మొలుస్తున్న రోజుల్లో మేము అల్ ఖోర్‌లో కంపెనీ ఇచ్చిన ఇంట్లో ఉండేవాళ్ళం. అన్ని ఇళ్ళూ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. డ్యూటీ దిగి బస్సులో వచ్చిన మగవాళ్ళు నిద్రమత్తులో పక్కింటి తలుపు తట్టి, క్షమాపణ చెప్పి, తమ ఇంటికి వెళ్ళడం అక్కడ మామూలు. నాన్నగారి డ్యూటీ బట్టలకు ఎప్పుడూ నూనె వాసన, ఎండలో కాగిన రబ్బరు వాసన. అమ్మ ఇంగువ పోపు వేస్తే ఆ ఘాటు ఏసీ గొట్టంలోంచి నా పడగ్గదిలోకి ముందు వచ్చి, తర్వాత వంటింట్లోకి వెళ్ళేది. కిటికీ సందుల్లోంచి పిండిలాంటి ఇసుక రాలి పొద్దున్నకల్లా భోజనాల బల్ల మీద పలచగా పరుచుకునేది. దాన్ని తుడవడంతో అమ్మకు రోజు మొదలయ్యేది. ఆ బల్ల, నాలుగు కుర్చీలు కంపెనీవే. వాటి చుట్టూ మేం ముగ్గురం ఒకేసారి కూర్చుని తినేవాళ్ళం. చదివేవారికి ఇందులో విశేషం కనబడకపోవచ్చు. మల్లవరంలో మగవాళ్ళు తిని లేచాక, చేతులు తుడుచుకుని తాంబూలం వేసుకున్నాక, లోపలి గదిలో ఆడవాళ్ళు తినేవారు. మా అమ్మ రాజమండ్రిలో ఒక హెడ్మాస్టరుగారి కూతురు. వాళ్ళింట్లో అందరూ ఒక్క వరసలో కూర్చునేవారట. పెళ్ళయి మా ఇంటికి వచ్చాక ఆవిడ మళ్ళీ వేడన్నం తిన్నది అల్ ఖోర్‌లోనే.

మా పక్కింట్లో ఐలా అనే ఫిన్లాండ్ ఆవిడ ఉండేది. భర్త టర్బైన్ల నిపుణుడు, నెలలో సగం రోజులు ప్లాంటులోనే. అమ్మ ఒకరోజు ఆవిడకు స్టీలు డబ్బా నిండా పులిహోర పంపింది. డబ్బా మీద మా ఇంటి సామాన్లన్నిటి మీదా ఉన్నట్టే పేరు కొట్టి ఉంది. మా వైపు పాత్ర కొన్న రోజునే దుకాణంలో పేరు కొట్టిస్తారు. పెళ్ళిళ్ళలో కలిసిపోకుండా, ఇచ్చిన ఇంటి నుంచి తిరిగి రాకుండా పోకుండా. ఐలాకు ఈ సంగతి తెలియదు. డబ్బా కూడా కానుకే అనుకుంది. ఆ అక్షరాలను కళాకారుడి సంతకం అనుకుంది. పులిహోర తినేసి, డబ్బా కడిగి, ముందుగదిలో అద్దాల బీరువాలో పెట్టి దీపం వేసింది. అమ్మ వెళ్ళి అది చూసి డబ్బా అడగకుండానే తిరిగొచ్చింది. మర్నాడు ఐలా బదులుగా తన దేశం నుంచి తెచ్చుకున్న కొత్త గిన్నెలు ఆరు ఒకదానిలో ఒకటి పేర్చి పట్టుకొచ్చింది. ఆ విధంగా మా పులిహోర డబ్బా కళాఖండం అయింది, వాళ్ళ కళాఖండంలో మేం పెరుగన్నం తినడం మొదలుపెట్టాం.

అమ్మకు ఆ గిన్నెలంటే ప్రాణం. అరచేతిలో పెట్టుకుంటే అవి చేతిని వెతుక్కుని వచ్చినట్టు ఉండేవి. చారు వంపితే అంచు వెంట ఒక్క చుక్క కిందికి జారదు. మా ఇత్తడి గిన్నెలు మాత్రం మూడు తరాలుగా వంపిన ప్రతిసారీ ధోవతి మీద ఒక చుక్క వెయ్యడం అలవాటుగా పెట్టుకున్నాయి. కడిగి పేరిస్తే ఆరూ కలిసి ఒక్క గిన్నెలాగా ఒదిగిపోయేవి. ఐలా ఇంట్లో వస్తువులన్నీ అలాగే ఉండేవి. ఆమె కత్తెర, ఆమె గాజు గ్లాసులు, ఆమె నీళ్ళ జగ్గు, దేనికీ పువ్వు లేదు, లత లేదు, నెమలి లేదు. మొదట్లో పాపం బీదవాళ్ళేమో అనుకున్నాం. ఐలా అమ్మకు చెప్పిందట, వాళ్ళ దేశంలో పెద్ద దొరగారింట్లోనైనా బడిపిల్లల హాస్టల్లోనైనా ఇదే గిన్నె ఉంటుందని. ఆ మాట అమ్మ మనసులో నాటుకుపోయింది. అన్నం కలుపుతూ ఆరునెలల పాటు మాకు ఆ మాటే చెప్పింది.

చలికాలం మొదలవుతుండగా తాతగారు విజిట్ వీసా మీద వచ్చారు. పొన్ను కర్ర, జరీ అంచు ఉత్తరీయం, ఒక గుడ్డసంచిలో వెండి సామాను. అందులో కంచాలు మూడు. ఆయనది పెద్దది, నాన్నగారిది దానికన్నా చిన్నది, నాది ఇంకా చిన్నది. వారసుడు పెరిగేకొద్దీ కంచం మారాలే గాని, కంచం ముందు మారకూడదు. అందుచేత నేను ఎంత ఆకలిగా ఉన్నా వంశక్రమం ఒప్పుకున్నంతే తినేవాణ్ణి. ఆడవాళ్ళకు వెండి కంచం మా ఇంట లేదు. తాతగారు పొద్దున్నే కంపెనీ కాలనీ చుట్టూ కర్ర తాటిస్తూ ఒక చుట్టు తిరిగేవారు. గేటు దగ్గర నేపాల్ సెక్యూరిటీ అతను మొదటిరోజు ఎందుకో సెల్యూట్ కొట్టాడు. అప్పట్నుంచి ఆ గేటు దాకా వెళ్ళి, సెల్యూట్ అందుకుని, తల కొద్దిగా పంకించి వెనక్కి వచ్చేవారు. సెలవు రోజున వేరే మనిషి డ్యూటీలో ఉండి సెల్యూట్ కొట్టకపోతే, కొట్టేదాకా నిలబడేవారు. కొట్టేవాడు.

ఆయన బల్ల దగ్గర కూర్చున్న మొదటిరోజే అమ్మ కుర్చీ ఖాళీ అయింది. ఆవిడ వడ్డించి, వంటింట్లో నిలబడి, మేం లేచాక చల్లారిన అన్నం స్టీలు కంచంలో పెట్టుకుంది. మర్నాడూ అంతే. అమ్మకు కావలసింది ఒక్కటే, ఆ కుర్చీ. నాన్నగారికి ఈ సంగతి తెలుసు. ప్లాంటులో ఎంత ప్రెషరునైనా కొలిచే మనిషి, తండ్రి ఎదుట మాత్రం పప్పులోకి చూస్తూ తినేవారు.

వ్యవహారం పెరుగు దగ్గర మొదలైంది. తాతగారి వెండి గిన్నె చింతపండు పూసి నానబెట్టి ఉండగా, అమ్మ ఆయనకు పెరుగు ఫిన్లాండ్ గిన్నెలో వేసి పెట్టింది. ఆయన తిన్నారు. తినడం పూర్తయ్యాక గిన్నెను పైకెత్తి అడుగు చూశారు, చుట్టూ చూశారు. పేరు లేదు. ఇది ఎవరి గిన్నె అని అడిగారు. నాన్నగారు నన్ను చూశారు, నేను అమ్మను చూశాను. ఆరూ ఒకేలా ఉంటాయని, రోజూ ఎవరికి ఏది వస్తే అందులో తింటామని అమ్మ చెప్పింది. అంటే నిన్న కోడలు తిన్న దానిలో ఇవాళ ఇంటి పెద్ద తిన్నాడన్న మాట. వెండైతే తోమితే ఎంగిలి పోతుంది. ఇదేమిటో తెలిస్తే గదా పోతుందో పోదో తెలిసేది. తాతగారు చెయ్యి కడుక్కుని విచారణ పెట్టించారు.

ఆ విచారణ చాలా రోజులు సాగింది. సాయంత్రం ఆయన ముందుగదిలో కూర్చునేవారు. గిన్నె ఎదురుగా చిన్న బల్ల మీద ముద్దాయిలా ఉండేది. మొదటి తీర్పులో అది పింగాణీ అన్నారు. పింగాణీ మల్లవరంలో వచ్చిపోయే తెల్లదొరలకోసం బయటి బంగళాలో ఉండేదే గాని లోపలికి వచ్చేది కాదు. అమ్మ వంటింట్లోంచి గరిటెతో ఇంకో గిన్నెను మోగించి వినిపించింది, లోహమని. ఐలాను సాక్షిగా పిలిపించారు. నాన్నగారు దుబాసీగా ఉండి, లోపల ఇనుమేనని ఆమె చేత చెప్పించారు. తాతగారు అయస్కాంతం తెప్పించి అంటించి చూశారు. అంటుకుంది. ఇనుము శనిదని, శని కంచంలో ఇంటి పెద్ద తినకూడదని రెండో తీర్పు. దోసెల పెనం ఇనుమేనని, పొద్దున తమరు తిన్న దోసెలు దాని మీదివేనని అమ్మ వినయంగా మనవి చేసింది. మూడో తీర్పుకు తాతగారు కొన్ని రోజులు తీసుకున్నారు. ఈలోగా ఆయన గిన్నెను చేతిలోకి తీసుకుని తిప్పుతూనే ఉండేవారు. దాన్ని కింద పెట్టడం ఆయనకు కష్టంగా ఉందని ఐలా కనిపెట్టి అమ్మకు సైగ చేసింది. ఒకరోజు ఆయనే, ఎవరితోనూ కానట్టు, "పువ్వొకటి వేసి కప్పిపుచ్చుకోలేదు. చేసినవాడికి గుండె ఉంది" అన్నారు.

మూడోది తుది తీర్పు. పేరు పడనిది పాత్ర కాదు. పేరు పడితే పాత్ర, పాత్రయితే లోపలికి రావచ్చు. ఎవరి పేరు పడితే అది వారిది, మరొకరు తాకరాదు. ఆరింటిలో అమ్మ పేరు దేని మీద వెయ్యాలన్న ప్రశ్నే రాలేదు. అమ్మ ఆ పూట పోపు మాడబెట్టింది.

శుక్రవారం నాన్నగారి కారులో దోహాలోని నజ్మాకు బయలుదేరాం. తాతగారు ముందు సీట్లో, గిన్నెలు నా ఒళ్ళో. నజ్మాలో ఆ పూట ఇంటికి డబ్బు పంపే ఎక్స్‌ఛేంజీల ముందు కార్మికుల క్యాంపుల నుంచి వచ్చిన మనుషుల వరసలు, హోటళ్ళలోంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన. ఒక సందులో జగిత్యాల వైపు మల్లేశం అనే ఆయన సామాన్ల కొట్టు ఉంది. ఇంటికి పోయేవాళ్ళు కొనుక్కునే స్టీలు సామాన్ల మీద కరెంటు పెన్నుతో అక్కడికక్కడే పేర్లు కొట్టేవాడు. తాతగారు కుర్చీ వేయించుకుని, వీపు ఆనించకుండా కూర్చుని, తన పేరు బిరుదులతో, ఊరితో, ఎస్టేటుతో సహా చెప్పారు. మల్లేశం గిన్నెను చూశాడు, ఆయన్ను చూశాడు.

"గింత పేరు గీ గిన్నె మీద పట్టది తాతా. శ్రీ ఒక్కటి కొడ్త, మిగిలింది మనసుల అనుకోండ్రి."

తాతగారిని ఎవరూ అలా పిలవగా ఎరగం. నాన్నగారు గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టారు. తాతగారు మాత్రం, బహుశా అరబ్బు దేశపు మర్యాద అనుకుని, కానిమ్మని చెయ్యి ఊపారు. మల్లేశం పెన్ను ఆనించాడు. గీరుమని ఒక చప్పుడు వచ్చింది. నీలం పెంకు ఒకటి లేచి, తాతగారికి తెప్పించిన పాలు లేని సులేమానీ టీలో పడింది. అక్షరం సగం పడ్డచోట లోపలి ఇనుము నల్లగా బయటపడింది. మల్లేశం మెషీను ఆపి ఊదాడు. ఇంకో పెంకు లేచింది.

"మాలే ఖరాబున్నది. మాఫీ ముష్కిల్, ఫికరేం లేదు, ఇంకోటియ్యుండ్రి, దాని మీద మంచిగ కొడ్త."

తాతగారు లేచి నిలబడి, గిన్నె తీసుకుని, టీ కూడా ముట్టకుండా కారు దగ్గరికి నడిచారు. అల్ ఖోర్ దాకా రాస్ లఫాన్ బస్సులు మమ్మల్ని దాటి వెళ్తుంటే ఒక్కొక్క దానినీ చివరిదాకా చూశారు. ఆయన గిన్నెను ఉత్తరీయంలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు, దెబ్బతగిలిన పిట్టను పెట్టుకున్నట్టు.

మేం వచ్చేసరికి వంట అయింది. అమ్మ గిన్నెను విప్పి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని కింద పడలేదు. కడిగింది. బల్ల మీద నాలుగు చోట్ల నాలుగు గిన్నెలు పెట్టింది. తాతగారి చోట పెచ్చులూడిన గిన్నె, తక్కిన మూడు చోట్ల బాగున్నవి. వెండి కంచాలు తియ్యలేదు. నాలుగో కుర్చీ వెనక నిలబడి, దాని మీద చెయ్యి వేసింది. మా అమ్మ తాతగారి ముఖంలోకి చూస్తూ మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

"పేరు పడిందే పాత్ర అన్నారు గదా మామగారూ. పడింది ఇదొక్కటే. ఇది తమరిది."

"పెచ్చులూడి భిన్నమైన పాత్రలో ఇంటి పెద్ద తినకూడదమ్మాయ్."

"అయితే ఇవున్నాయండి. వీటి మీద ఎవరి పేరూ లేదు. ఇవి ఎవరివీ కావు."

"ఎవరివీ కాని దాంట్లో ఎవరు తింటారు?"

"ఆకలైనవాళ్ళు తింటారండి."

తాతగారు తన తీర్పుల్లో దేన్నీ వెనక్కి తీసుకున్న మనిషి కారు. ఇప్పుడూ తీసుకోలేదు. మూడు తీర్పులనూ మనసులో ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటున్నట్టు కూర్చున్నారు. అన్నం మీది ఆవిరి సన్నబడుతోంది. నాన్నగారు ఉన్నట్టుండి లేచారు. లేచి తన ఎదుట ఉన్న గిన్నెను తీసి తండ్రి ఎదుట పెట్టి, పెచ్చుల గిన్నెను తన వైపు లాక్కోబోయారు. తాతగారు కర్రతో ఆపారు. పేరు నాది, నువ్వు తాకరాదు అన్నారు. కర్ర కొనతోనే ఆ గిన్నెను బల్ల చివరికి తోసి, వంటింట్లో ఇంకా రెండున్నాయి గదా, ఒకటి తెచ్చి వీడికియ్యి, తెచ్చి నువ్వూ కూర్చో, చారు చల్లారితే నాకు పడదు అన్నారు. అమ్మ తెచ్చింది. కూర్చుంది. నిటారుగానే కూర్చుంది, మా వంశంలో పుట్టకపోయినా. తాతగారు చారు వంపుకున్నారు. అంచు వెంట ఒక్క చుక్క కూడా జారలేదు. ఆయన ధోవతి వైపు చూసుకుని, ఏదో అలవాటు తప్పినట్టు కాసేపు ఎదురుచూశారు.

పెచ్చుల గిన్నె సంగతి ఐలాకు ఎలా చెప్పాలా అని అమ్మ వారం రోజులు మథనపడింది. చెబితే ఆవిడ వచ్చి చూసి, ఆ సగం అక్షరాన్ని వేలితో తడిమి, ఇది తనకిస్తారా అని అడిగింది. మా పులిహోర డబ్బా పక్కనే బీరువాలో పెట్టుకుంది. తక్కిన వాటికి కూడా పెద్దాయన ఇలా చేసిపెడతారేమో అడగమంది. తాతగారు ఆ కబురు విని, ఆ దేశంలో గుణం తెలిసినవాళ్ళు ఉన్నారని, అయితే తాము పని మానుకున్నామని చెప్పించారు.

ఇప్పుడు దోహాలో మా ఇంట్లో ఎవరి వేళకు వారు తింటాం. మా అమ్మాయి చదువు ముందు పెట్టుకుని, మా ఆవిడ ఫోను ముందు పెట్టుకుని, నేను గోడకు ఎదురుగా. కుర్చీలు ఆరున్నాయి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పేవాళ్ళు లేరు, అందుచేత ఎవరూ కూర్చోరు. ఎంగిలి అన్న మాట మా అమ్మాయికి తెలియదు. చెబితే శుభ్రత గురించా అని అడిగింది. ఆ చలికాలం మా బల్ల దగ్గర నలుగురం కూర్చునేవాళ్ళం. తాతగారు మొదటి ముద్ద పెట్టుకునేదాకా ఎవరూ తినేవారు కాదు, అమ్మ కూర్చునేదాకా తాతగారు మొదటి ముద్ద పెట్టుకునేవారు కాదు. రెండోది ఎప్పుడు నియమం అయిందో మాకు తెలియదు. ఆయన తీర్పు ఏదీ ఇవ్వలేదు. మాల్‌లో ఆ గిన్నె చుట్టూ అంత వెలుతురు పోశారు గాని, అందులో పెరుగు ఎవరైనా వేసుకుంటారా అన్న అనుమానం నాకు ఇంకా తీరలేదు.

అల్ ఖోర్ ఇంట్లో ఆ శుక్రవారం నుంచి వాడకం లేక వెండి నల్లబడటం మొదలైంది. వీసా అయిపోయే ముందు తాతగారు సంచి తీసుకుని, నాన్నగారిని వెంటబెట్టుకుని, దోహా పాత బజారుకు వెళ్ళారు. బేరం ఆడలేదు. పెద్ద కంచం, నాన్నగారి కంచం, నా కంచం, పెరుగు గిన్నె, రెండు చెంబులు, ఒక గంధపు గిన్నె అక్కడ ఒక నగల దుకాణంలో అమ్మేశారు.